చాబీ

నిజామాబాద్, బోధన్ వాడుకలో తాళంచెవిని ‘చాబీ’, ‘చావి’ అంటారు. ఉర్దూ నుంచి వచ్చిన మాట. ఉర్దూకు అది పోర్చుగీసు ‘చావె’ నుంచి వచ్చింది. మూలం లాటిన్ ‘క్లావిస్’. పియానో మెట్ల వరుసకు యూరప్‌లో ఉన్న ‘క్లేవియర్’ అనే పేరూ అక్కడిదే, అంటే చాబీకి సంగీతంతో పాత చుట్టరికం.

గడియారానికి, మ్యూజిక్ బాక్సుకు చాబీ ‘ఇస్తారు’. చక్కని క్రియ: చేతి బలం స్ప్రింగుకు ఇచ్చినట్టే కదా! పాత మ్యూజిక్ బాక్సును బాగుచేసేవారు ముందుగా ఆ బలాన్ని మెల్లగా దింపేస్తారు. దింపకుండా వేగాన్ని అదుపు చేసే గవర్నర్‌ను విప్పితే సిలిండర్ ఒక్కసారిగా గిర్రున తిరిగి, దాని ముళ్లూ, స్వరాలు పలికే దువ్వెన పళ్లూ విరుగుతాయి. పాత పన్ను పోతే ఆ స్వరమే పోయినట్టు. కొత్తది అతికించి శ్రుతి చేయాలి.