సార్కాయిడ్ వ్యాధి: చికిత్స నడచిన దారి

వైద్యచరిత్రలో కొన్ని వ్యాధులకు మందు కనుగొనుటయే కష్టమైనది. కుష్ఠు, క్షయ అట్టివి. మరికొన్ని వ్యాధుల కథ వేరు. వానికి మందు దొరకినది. కాని దానిని ఎవరికి ఈయవలెను, ఎంత ఈయవలెను, ఎవరికి ఈయకుండుట మేలు అను ప్రశ్నలకు సమాధానము దొరకుటకు దశాబ్దములు పట్టినది. సార్కాయిడోసిస్ అను వ్యాధి ఈ రెండవ తెగకు చెందినది.

శరీరమును రక్షింపవలసిన తెల్లకణములు, ముఖ్యముగా భక్షక కణములు, ఈ వ్యాధిలో ఒకచోట గుమిగూడి మిక్కిలి చిన్న ముడులుగా ఏర్పడును. వీనికి గ్రాన్యులోమాలని పేరు. పదిమంది రోగులలో సుమారు తొమ్మిదిమందికి ఊపిరితిత్తులలో గాని, వాని మొదట నుండు లింఫు గ్రంథులలో గాని ఈ ముడులు కనిపించును. చర్మము, కండ్లు, కాలేయము, గుండె, నాడీమండలము కూడ ఈ వ్యాధికి లోనుకావచ్చును. ముడులు వానియంతట అవియే కరగిపోయినచో పెద్ద నష్టములేదు. కరగక నిలిచి, వాని చుట్టును నారవంటి కణజాలము పెరిగినచో ఆ అవయవము గట్టిపడి తన పనిని చేయజాలదు. వ్యాధికి మూలకారణము నేటికిని తేలలేదు. చికిత్సాచరిత్ర అంతయు ఈ రెండు విషయములను ఆధారము చేసికొని నడచినది.

ఒక వ్యాధి, పెక్కు పేర్లు

1869వ సంవత్సరమున లండన్ నగరములో జోనథన్ హచిన్సన్ అను వైద్యుడు ఒక రోగిని పరీక్షించెను. ఆ రోగి బొగ్గు రేవులో పనిచేయు 58 ఏండ్ల కార్మికుడు. అతని చేతులమీదను, పాదములమీదను ఊదారంగు మచ్చలు లేచియుండెను. హచిన్సన్ ఇది గౌట్ అను వాతమునకు సంబంధించినదని తలచెను. 1889లో పారిస్ నగరమున ఎర్నెస్ట్ బెనియే ముక్కు, చెవులు, వ్రేళ్లు ఉబ్బి నీలివన్నెకు మారిన ఒక రోగిని వర్ణించి, ఆ స్థితికి లూపస్ పెర్నియో అని పేరిడెను.

ఈ మచ్చలలో ఏమున్నదో సూక్ష్మదర్శినితో చక్కగా పరిశీలించి వ్రాసినవాడు నార్వే దేశమునకు చెందిన సీజర్ బెక్. 1899లో ఆయన ఒక పోలీసు ఉద్యోగి చర్మమును పరీక్షించి, ఆ ముడులు సార్కోమా అను క్యాన్సరును పోలియున్నను క్యాన్సరు కావని గ్రహించెను. సార్కోమావంటిది అను అర్థమున ‘సార్కాయిడ్’ అను మాట ఆయన వాడుటవలన నిలిచినది. సార్క్స్ అనగా గ్రీకుభాషలో మాంసము.

అప్పటికి ఇది చర్మవ్యాధియనియే భావించుచుండిరి. 1909లో డెన్మార్కు వైద్యుడు హేర్ఫోర్ట్ కండ్లు, చెంపల కడనుండు లాలాజల గ్రంథులు కలిసి వాచు జ్వరమొకటి కలదని తెలిపెను. ఇదియు సార్కాయిడ్ రూపమే యని తరువాత తేలినది. స్వీడన్ దేశీయుడు షౌమన్ 1914లో వ్రాసిన ఒక వ్యాసమున ఈ వేరువేరు లక్షణములన్నియు ఒకే వ్యాధి యొక్క శాఖలనియు, అది దేహమంతటను వ్యాపింపగలదనియు వాదించెను. ఆ వ్యాసము అచ్చుపడుటకు 1936 వరకు ఆగవలసివచ్చినది.

క్షయ నీడలో

చికిత్స తొలినాళ్లలో దారితప్పుటకు ప్రధానకారణము క్షయ. క్షయలోను గ్రాన్యులోమాలే ఏర్పడును. ఎక్స్-రే చిత్రములో రెండును ఒకదానినొకటి పోలియుండును. భేదమేమనగా క్షయముడి నడిమిభాగము సాధారణముగా చచ్చి జున్నువలె మెత్తబడును. సార్కాయిడ్ ముడి సాధారణముగా అట్లు కాదు. క్షయరోగికి ట్యూబర్కులిన్ సూదివేసినచో చర్మము వాచును; సార్కాయిడ్ రోగులలో అనేకులకు వాపు రాదు. అయినను షౌమన్‌తో సహా పెక్కుమంది వైద్యులు ఇది క్షయ యొక్క మెత్తని రూపమేయని చాలకాలము నమ్మిరి.

అందుచేత ఆ కాలమున క్షయకును, చర్మరోగములకును వాడిన మందులనే దీనికిని వాడిరి. బెక్ తన రోగులకు ఆర్సెనిక్ ఇచ్చెను. 1940ల దశకమున మరియొక ప్రయోగము జరిగినది. చర్మక్షయకు డి విటమిన్‌ను పెద్దమోతాదులో ఇచ్చినచో గుణము కనిపించుచున్నదని తెలిసి, కొందరు దానిని సార్కాయిడ్ రోగులకును ఇచ్చిరి. ఫలితము విపరీతమైనది. రోగుల రక్తములో కాల్షియము పెరిగిపోయినది.

దీనికి కారణము 1980ల దశకమున గాని స్పష్టము కాలేదు. ఆరోగ్యవంతులలో డి విటమిన్ తన చురుకైన రూపమును ప్రధానముగా మూత్రపిండములలో పొందును. అక్కడ దానికి కట్టుబాటు కలదు. సార్కాయిడ్ ముడులలోని భక్షక కణములు ఆ పనిని ఏ కట్టుబాటును లేకుండ చేయును. ఆహారమునుండి కాల్షియము మితిమీరి రక్తములో చేరి, మూత్రపిండములను చెరచును. మేలుచేయునని తలచిన విటమిను ఈ రోగులలో కొందరికి విషమగుటకు కారణమిదియే. నేడును ఈ రోగులు పరీక్ష చేయించుకొనక డి విటమిన్ మాత్రలు వాడరాదని వైద్యులు హెచ్చరించెదరు.

మందు లేకయే తగ్గు రోగులు

1940ల, 1950ల దశకములలో రొమ్ము ఎక్స్-రే వాడుక విరివియైనది. స్టాక్‌హోమ్ నగరమున స్వెన్ లోఫ్‌గ్రెన్ ఒక విశేషమును గుర్తించెను. కాళ్లమీద ఎర్రని నొప్పిగల గడ్డలు, జ్వరము, కీళ్లనొప్పులు, ఊపిరితిత్తుల మొదట రెండువైపుల గ్రంథుల వాపు, ఇవి కలిసి హఠాత్తుగా వచ్చిన రోగులు చూచుటకు మిక్కిలి బాధపడుచున్నను, వారిలో అధికసంఖ్యాకులు కొలదికాలములో వారియంతట వారే కోలుకొనిరి.

1961లో లండన్ వైద్యుడు స్కాడింగ్ ఎక్స్-రే చిత్రములనుబట్టి వ్యాధిని దశలుగా విభజించెను. గ్రంథులు మాత్రమే వాచినది మొదటి దశ. గ్రంథులతోపాటు ఊపిరితిత్తులలోను మార్పు కనిపించునది రెండవది. ఊపిరితిత్తులలో మాత్రమే యున్నది మూడవది. మచ్చకట్టి గట్టిపడినది నాల్గవది. 1999లో అమెరికా, ఐరోపా శ్వాసకోశ వైద్యసంఘములు వెలువరించిన ప్రకటన ప్రకారము, మొదటి దశలో నూటికి 55 నుండి 90 మందికి, రెండవ దశలో 40 నుండి 70 మందికి, మూడవ దశలో 10 నుండి 20 మందికి వ్యాధి తానుగా శమించును.

ఈ అంకెలవలన ఒక చిక్కు ఏర్పడినది. నూరుగురు రోగులకు ఏ మందిచ్చినను సగముమంది బాగుపడుదురు. ఆ యశస్సు మందుదా, ప్రకృతిదా? పోల్చిచూచుటకు మందులేని రోగులను కూడ గమనింపనిదే ఈ ప్రశ్న తీరదు. ఆర్సెనిక్ వంటి మందులకు ఒకప్పుడు మంచిపేరు వచ్చుటలోని రహస్యమిదియే కావచ్చును.

కార్టిసోన్ రాక

అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఎడ్వర్డ్ కెండాల్ అను రసాయనశాస్త్రజ్ఞుడు మూత్రపిండములపై నుండు అధివృక్క గ్రంథులనుండి కొన్ని పదార్థములను వేరుచేసెను. వానిలో నొకటి తరువాత కార్టిసోన్ అని పేరు పొందినది. గ్రంథులనుండి లభించునది అత్యల్పము. మెర్క్ సంస్థలో లూయిస్ సారెట్ పశువుల పైత్యరసములోని ఆమ్లమునుండి, ముప్పదికి పైబడిన రసాయనిక చర్యల ద్వారా దీనిని తయారుచేసెను. 1948 సెప్టెంబరులో ఫిలిప్ హెంచ్ కీళ్లవాతముతో కదలలేకున్న ఒక స్త్రీకి దీనిని సూదిద్వారా ఇచ్చెను. కొలదిదినములలోనే ఆమె నడువగలిగెను. కెండాల్, హెంచ్, స్విట్జర్లండ్ శాస్త్రజ్ఞుడు రైక్‌స్టైన్ అను మువ్వురికి 1950లో నోబెల్ బహుమానము లభించినది.

అనతికాలములోనే ఈ మందును సార్కాయిడ్ రోగులకు ఇచ్చి చూచిరి. న్యూయార్కులో లూయిస్ సిల్ట్‌బాక్ 1952లో తన ఫలితములను ప్రకటించెను. ముడులు కరగుట, చూపు తెరపి చేయుట, ఆయాసము తగ్గుట, రక్తములోని కాల్షియము దిగుట వైద్యులు కన్నులార చూచిరి. 1955లో ప్రెడ్నిసోన్ అను మరింత బలమైన మందు విపణికి వచ్చినది. 1958లో లండన్‌లో జరిగిన మొదటి అంతర్జాతీయ సార్కాయిడ్ సమావేశమునాటికి స్టీరాయిడ్ల వాడుక స్థిరపడియుండెను.

కాని స్టీరాయిడ్ వ్యాధిమూలమును పెరికివేయదు. కణములు పరస్పరము పంపుకొను వాపు సంకేతములను అణచియుంచును. మందు ఆపినచో అనేకులలో వ్యాధి తిరిగి తలయెత్తును. దీర్ఘకాలము వాడినవారికి ముఖము ఉబ్బుట, బరువు పెరుగుట, మధుమేహము, రక్తపుపోటు, ఎముకలు గుల్లబారుట, కంటిలో శుక్లము ఏర్పడుట సంభవించును. హఠాత్తుగా ఆపుటయు ప్రమాదమే. ఏలయన బయటినుండి హార్మోను వచ్చుచున్నంతకాలము దేహములోని అధివృక్క గ్రంథులు పనిమాని నిద్రించును. మరియొక అపాయము భారతదేశము వంటి దేశములకు ముఖ్యమైనది. రోగికున్నది క్షయయైనచో, తగిన మందులు లేకుండ ఇచ్చిన స్టీరాయిడ్ ఆ అగ్నికి ఆజ్యము పోసినట్లగును. అట్లే సార్కాయిడ్ రోగికి నెలలతరబడి క్షయమందులు ఇచ్చుటయు వ్యర్థము. కనుక ముడినుండి చిన్నముక్కను తీసి పరీక్షించి, వ్యాధిని నిర్ధారించుట చికిత్సలో మొదటిమెట్టు.

ప్రకృతి ఎంత, మందు ఎంత అను ప్రశ్నకు బ్రిటిష్ వైద్యులు 1996లో ప్రకటించిన ఒక అధ్యయనము కొంత సమాధానము చెప్పినది. 149 మంది రోగులలో 33 మందికి బాధ ఎక్కువగుటచే వెంటనే మందు ప్రారంభించిరి. మిగిలినవారిని ఆరునెలలు మందులేకుండ గమనించిరి. 58 మంది ఎక్స్-రే చిత్రములు తానుగా మెరుగుపడినవి. మిగిలిన 58 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు క్రమముగా దీర్ఘకాలము మందిచ్చిరి. రెండవజట్టుకు అవసరమైనప్పుడే ఇచ్చిరి. మొదటిజట్టు ఊపిరితిత్తుల శక్తి కొంత మెరుగుగా నుండెను. వేచిచూచుట కూడ చికిత్సయేయని, అయితే వేచిచూచుటకు హద్దు కలదని దీనివలన తేలినది.

స్టీరాయిడ్‌కు తోడు వెదకుట

స్టీరాయిడ్ మోతాదు తగ్గించు మందులకై అన్వేషణ 1960ల దశకమున మొదలైనది. మలేరియా మందగు క్లోరోక్విన్ చర్మముమీది మచ్చలకును, కాల్షియము పెరుగుటకును పనికివచ్చినది. కాని అది కంటిలోని నేత్రపటలమునకు హాని చేయగలదు. దాని బంధువైన హైడ్రాక్సీక్లోరోక్విన్ సురక్షితతరమని నేడు దానినే ఎక్కువగా వాడుచున్నారు.

ఇంతకన్న ముఖ్యమైనది మెథోట్రెక్సేట్. దీని పుట్టుకలో తెలుగువారికి గర్వకారణమైన ఘట్టమొకటి కలదు. 1895లో భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలకు పరిశోధనాధిపతిగా నుండెను. ఆయన నాయకత్వమున 1945 ప్రాంతమున ఫోలిక్ ఆమ్లము అను విటమిను కృత్రిమముగా తయారైనది. దానిని పోలియుండి, దాని పనికి అడ్డుపడు పదార్థములు కూడ అచ్చటనే పుట్టినవి. వానిలో అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సరుతో బాధపడు పిల్లలకు ఇచ్చి, తాత్కాలికముగానైనను వ్యాధిని శమింపజేసెను. ఆ వర్గములోనిదే మెథోట్రెక్సేట్. సుబ్బారావు 1948లో మరణించెను. ఇరువది సంవత్సరముల తరువాత, 1968లో, ఈ మందును సార్కాయిడ్ రోగులకు వాడినట్లు నివేదిక వెలువడినది. తగ్గినది మందువలననా, తానుగానా అను పాతప్రశ్న దాని శీర్షికలోనే యుండెను!

సార్కాయిడ్‌కు ఈ మందును అల్పమోతాదులో వారమునకు ఒక్కమారు మాత్రమే ఇత్తురు. గుణము కనబడుటకు నెలలు పట్టును. కాలేయమును, రక్తమును తరచుగా పరీక్షింపవలెను; గర్భిణులకు ఈయరాదు. దుష్ఫలితములు తగ్గుటకు ఫోలిక్ ఆమ్లమునే తోడుగా ఇచ్చుట వింతయైన విషయము. విటమినును, దాని విరోధిని ఒకే రోగి వాడును.

కొత్త ఆయుధము, కొత్త జాగ్రత్త

గ్రాన్యులోమాలోని కణములు విడిపోకుండ పట్టియుంచు పదార్థములలో టీ.ఎన్.ఎఫ్. అను సంకేతాణువు ప్రధానమైనది. దానిని పట్టి నిర్వీర్యము చేయు ప్రతిరక్షకము ఇన్‌ఫ్లిక్సిమాబ్. 2006లో ప్రకటించిన 138 మంది రోగుల పరీక్షలో ఊపిరితిత్తుల శక్తి సగటున కొలదిగా మాత్రమే పెరిగినది. అయినను ఇతరమందులకు లొంగని కొందరిలో ఇది ఉపయోగపడుచున్నది. అయితే దేహము క్షయక్రిములను బంధించియుంచునది కూడ ఆ గ్రాన్యులోమా గోడలతోనే. గోడ కూలినచో బందీ బయటపడును. ఈ మందు వాడినవారిలో నిద్రాణమైన క్షయ మేల్కొనుచున్నదని 2001లోనే తెలిసినది. కావున ముందుగా క్షయపరీక్ష తప్పనిసరి.

ఎంత మోతాదు అను ప్రశ్నకు భారతదేశమునుండియే ఒక సమాధానము వచ్చినది. చండీగఢ్‌లోని స్నాతకోత్తర వైద్యవిద్యా పరిశోధనసంస్థ వైద్యులు 86 మంది రోగులపై జరిపి, 2023లో ప్రకటించిన పరీక్షలో, దినమునకు 40 మిల్లీగ్రాములతో ఆరంభించిన ప్రెడ్నిసొలోన్ 20 మిల్లీగ్రాములతో ఆరంభించినదానికన్న మెరుగుకాలేదు. 2025లో నెదర్లండ్స్ వైద్యులు ఊపిరితిత్తుల సార్కాయిడ్‌కు మొదటిమందుగా ప్రెడ్నిసోన్‌ను, మెథోట్రెక్సేట్‌ను పోల్చిరి. 24 వారముల చివర ఊపిరితిత్తుల శక్తి విషయమున మెథోట్రెక్సేట్ వెనుకబడలేదు. ప్రెడ్నిసోన్ మాత్రము త్వరగా పనిచేసినది.

నేటి పద్ధతి సంగ్రహముగా ఇది. బాధలేని తొలిదశ రోగిని గమనించుచుందురు. చర్మమునకు పైపూత, కంటికి చుక్కల మందు పలుమారు చాలును. గుండె, మెదడు, కన్ను ప్రమాదములో నున్నచో ఆలస్యము చేయక స్టీరాయిడ్ ఆరంభింతురు. గుండె లయతప్పు వారికి దానిని సరిదిద్దు విద్యుత్‌సాధనమును అమర్చవలసిరావచ్చును. ఊపిరితిత్తులు పూర్తిగా గట్టిపడినచో, మార్పిడి శస్త్రచికిత్స మిగిలిన దారి.

హచిన్సన్ కాలమున లోపించినది మందు. తరువాతి తరములకు మందు దొరకినది, కాని తూనిక లోపించినది. వ్యాధివలన కలుగు హానిని, మందువలన కలుగు హానిని రెండు తట్టలలో నుంచి ప్రతిరోగికిని వేరుగా తూచుట ఈ వ్యాధి వైద్యులకు నేర్పిన విద్య. మూలకారణము తెలియువరకు ఆ తూనికయే ఆధారము.