సశేషం

మా పిల్లలకి తెలియని తెలుగు మాటల్లో ‘సశేషం’ ఒకటి. వారపత్రికలో సీరియల్ మంచి పట్టు మీద ఉండగా, పేజీ కింద మూలన ఆ మాట కనిపించేది. ఎంత తిట్టుకున్నా వచ్చే వారం దాకా చేసేదేమీ లేదు. పుస్తకం మూసి, లేచి పనిలో పడాల్సిందే. ఫోన్ల వల్ల ఏకాగ్రత పోతోందని అందరం అనుకుంటున్నాం కదా, ఆ సంగతి ఆలోచించినప్పుడల్లా నాకు ఈ మాటే గుర్తొస్తుంది. మన మనసులు బలహీనపడిపోయాయని నేననుకోను. ఇక లేవమని చెప్పేవాళ్ళు లేకుండా పోయారు, అంతే.

కొంచెం వెనక్కి వెళ్ళి చూద్దాం. 1908లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో ఆంధ్రపత్రికని వారపత్రికగా మొదలుపెట్టారు. 1914 నుంచి మద్రాసులో అది దినపత్రికగా కూడా వచ్చింది. వారానికొకటైనా రోజుకొకటైనా, పత్రికకి చివరి పేజీ అంటూ ఒకటుండేది. రేడియోకీ అంతే. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం విడతలుగా కార్యక్రమాలు వచ్చేవి. మధ్యలో రేడియో ఊరుకునేది, ఇంట్లో వాళ్ళు తమ పని చూసుకునేవాళ్ళు.

అప్పట్లో ఇంత ఆకర్షణ లేదు కాబట్టి సరిపోయింది అంటారేమో. అదేం కాదండీ. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం వచ్చింది. 1987 జనవరి నుంచి ఆదివారం పొద్దున రామాయణం వేసేవారు. ఆ వేళకి వీధులు ఖాళీ. టీవీ ఉన్న ఇంట్లో చుట్టుపక్కల వాళ్ళంతా చాపల మీద కూర్చునేవాళ్ళు. ఇప్పటి రీల్స్‌ని ఎవరూ అంత భక్తిగా చూడటం లేదు! కానీ ఎపిసోడ్ అవగానే అందరూ లేచేవాళ్ళు. మళ్ళీ ఆదివారం దాకా రాముడైనా రాడు.

ఆ ముగింపులు ఒక్కొక్కటే పోయాయి. 1995లో ఈటీవీ, జెమినీ వచ్చాక క్రమంగా తెలుగు టీవీకి కట్టేసే వేళ లేకుండా పోయింది. 2006లో ఆజా రాస్కిన్ అనే డిజైనరు, ‘తర్వాతి పేజీ’ అని నొక్కే పని లేకుండా, తెరని జరిపిన కొద్దీ కొత్తవి వస్తూనే ఉండే పద్ధతి తయారుచేశాడు. తర్వాత ఆయనే దాని గురించి బాహాటంగా విచారపడ్డాడు. 2015లో యూట్యూబ్‌లో ఒక వీడియో అవగానే ఇంకోటి దానంతటదే మొదలవడం వచ్చింది. మన దగ్గర ఇంకో అడ్డు మిగిలింది, డేటా ఖర్చు. నెలకి ఒక జీబీ వేయించుకుని, నెయ్యి వడ్డించినట్టు చూసి చూసి వాడేవాళ్ళం. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక ఆ అడ్డూ తొలగింది.

దీని వెనకున్న వ్యాపారం మాత్రం పాతదే. 1833లో న్యూయార్కులో బెంజమిన్ డే అనే ఆయన ‘సన్’ పత్రిక పెట్టి, మిగతావాళ్ళు ఆరు సెంట్లకి అమ్ముతుంటే తను ఒక్క సెంటుకే ఇచ్చాడు. అసలు రాబడి ప్రకటనల మీద. అంటే పాఠకుల చూపుని ప్రకటనలవాళ్ళకి అమ్మాడన్నమాట. మనకి ఉచితంగా వచ్చే యాప్‌లు చాలావరకు ఆ దారిలోవే. కాకపోతే డే గారి పేపరు చివరి పేజీ దగ్గర ఆగేది.

ఇల్లాళ్ళకి ఈ దెబ్బ ఇంకాస్త గట్టిగా తగులుతుంది. వంటింటి పనికి ముగింపు ఎప్పుడూ లేదు. అంట్లు అయ్యేసరికి రేపటికి పప్పు నానబెట్టాలి. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక్క గంట దొరుకుతుంది. మా అమ్మ తరం ఆడవాళ్ళు యద్దనపూడి, రంగనాయకమ్మ నవలలు చదివింది ఆ గంటలోనే. చదివే ఆడవాళ్ళు అంతమంది ఉండబట్టే 1960, 70లలో రచయిత్రుల నవలలు అంతగా వెలిగాయి. మనది అని చెప్పుకోగలిగిన సమయం రోజు మొత్తంలో అదొక్కటే. ఇప్పుడు ఆ గంటే ఫోన్లో కరిగిపోతోంది.

అందుకే ఇంట్లో ఎవరికీ ‘మనసు అదుపులో పెట్టుకో’ అని చెప్పను. పోయిన ముగింపుల్ని తెచ్చిపెట్టే ప్రయత్నం చేస్తున్నాను. పిల్లల్ని రెండు గంటలు చదవమనను. ఈ పాఠం చివరిదాకా, లేదా ఈ ఎనిమిది లెక్కలు, అంటాను. ఫోన్ తీసుకునేటప్పుడు ఏం చూడబోతున్నామో ముందే చెప్పాలి. వీడియోలు వాటంతటవే మొదలవకుండా సెట్టింగ్ మార్చేశాం. రాత్రి తొమ్మిదిన్నరకి నాతో సహా అందరి ఫోన్లూ హాల్లో అలమరలోకి వెళ్తాయి. పొద్దున లేవడానికి అలారం గడియారం కొన్నాం. నా మధ్యాహ్నం గంటకి కాగితం పుస్తకమే, రోజుకొక అధ్యాయం. మధ్యలో కాలింగ్ బెల్ మోగినా, ఎక్కడ ఆపానో పేజీ మడత చెబుతుంది.

మొదటి వారం ఇంట్లో గొడవే. మూడో వారంలో ఒక సాయంత్రం మా పెద్దవాడు లెక్కల పుస్తకం మూసి, ‘‘అమ్మా, అయిపోయింది’’ అని సైకిలు తీసుకుని బయటికి వెళ్ళాడు. అయిపోయింది అన్న మాట మా ఇంట్లో విని చాలా రోజులైంది.