మరలివచ్చిన వేషము : 1971 నాటి పారిస్ వివాదము

“పాత యొక రోత, క్రొత్త యొక వింత” యని మన సామెత. వేషచరిత్రను పరిశీలించువారికి ఇందు సగమే సత్యమని తోచును. పాతది కొంతకాలము రోతగానుండి, పిమ్మట తానే వింతయగును. ఆంగ్ల వేషచరిత్రకారుడు జేమ్స్ లేవర్ 1937 లో ప్రకటించిన ‘టేస్ట్ అండ్ ఫ్యాషన్’ అను గ్రంథమున దీనికొక కాలగణనము నొసగెను. వాడుక తప్పిన వేషము పదేండ్లకు వికారముగను, ఇరువదియేండ్లకు హాస్యాస్పదముగను, ముప్పదియేండ్లకు వినోదకరముగను కనిపించునట. లెక్క ముచ్చటగానే యున్నది. అది తప్పిన సందర్భ మొకదానిని ఇచట పరిశీలింతుము.

1971 జనవరి 29 న ఈవ్ సాన్ లోరాన్ అను సుప్రసిద్ధ వస్త్రరూపకర్త పారిస్ నగరమున తన వసంత గ్రీష్మ వస్త్రములను ప్రదర్శించెను. మోకాటివరకు దిగిన గౌనులు, చతురస్రముగా నిలిచిన భుజములు, తలపాగలు, ఎత్తైన అడుగుల చెప్పులు, ఆకుపచ్చ రంగు వేసిన నక్కబొచ్చు పొట్టికోటు అందుండెను. పత్రికావిమర్శకులు పలువురు మండిపడిరి. ఆ రూపములు 1940 ప్రాంతమువి. అనగా లేవర్ లెక్క ప్రకారము వినోదము కలుగవలసిన చోట క్రోధము కలిగినది.

కారణము సుగ్రాహ్యమే. 1940 జూన్ మొదలు 1944 ఆగస్టు వరకు పారిస్ జర్మన్ సైన్యముల యధీనమున నుండెను. తోలు దొరకక చెప్పులకు కొయ్యతోను, బెండుతోను అడుగులు వేసిరి. 1941 నుండి బట్టకు రేషను కార్డు వచ్చుటచే గౌనులు పొట్టివయ్యెను. కేశసంస్కారమునకు సాధనములు కరవగుటచే తలకు గుడ్డ చుట్టుకొనిరి. లేమి కల్పించిన ఈ యుపాయములయందే స్త్రీలు సొగసును సాధించిరి. ఇచట ఒక భేదమును మాత్రము గుర్తింపవలెను. చతురస్ర భుజములు యుద్ధకాలమున పుట్టినవి కావు. 1930 తరువాతి దశకముననే ఎల్సా స్కియాపరెల్లి వానిని ప్రచారమునకు తెచ్చెను. కాని జనుల స్మృతి ఇట్టి తేదీలను పాటింపదు.

1947 ఫిబ్రవరి 12 న క్రిస్టియన్ డియోర్ సన్నని నడుముతో, గజములకొలది బట్ట పట్టు వెడల్పు గౌనులతో నొక నూతనరూపమును ప్రదర్శించి, యుద్ధకాలపు వేషమును వెనుకకు నెట్టెను. ‘నూతన’ మనిపించుకొన్న ఆ రూపమును పందొమ్మిదవ శతాబ్దపు వేషమునకు పునరాగమనమే యనుట గమనింపదగినది! అట్టి డియోర్ వద్ద 1955 నుండి పనిచేసి, 1957 లో ఆయన మరణానంతరము ఆ సంస్థకు రూపకర్తయైనవాడు సాన్ లోరాన్. గురువు తొలగించినదానిని శిష్యుడు మరల తెచ్చెనన్నమాట.

ఆయనకు ప్రేరణ యైనది చిత్రకారుడు పికాసో కుమార్తె పలోమా. ఆమె పాతసామానుల అంగళ్ళలో నాటి దుస్తులను కొని ధరించెడిది. ఆమె జననము 1949. సాన్ లోరానో, 1936 లో జర్మన్ సైన్యము ఆక్రమింపని అల్జీరియాలోని ఒరాన్ పట్టణమున జన్మించెను. వీరికి ఆ గౌను కేవలము గౌను. అదే గౌను నలువదియేండ్లు దాటిన పారిస్ స్త్రీకి రొట్టె కొరకు నిలిచిన వరుసను, ఇంకను చెప్పరాని వానిని జ్ఞప్తికి తెచ్చియుండును. లేవర్ గడచిన యేండ్లను లెక్కించెను గాని, వానిని గడపినవా రెవరో విచారింపలేదని మా యభిప్రాయము. సాన్ లోరాన్ హృదయహీనుడని యనుటకు మాత్రము మేమంగీకరింపము. చూచినవారు దాచియుంచిన కాలమును చూడనివాడు వెలికి తీసెను, అంతియే.

విమర్శకుల యాగ్రహము వీథిని నిలువరింపలేదు. అచిరకాలముననే యువతులు ఆ భుజములను, ఆ చెప్పులను ధరించిరి. ‘రెట్రో’ అను పదము ఫ్రెంచి భాషలో బహుళ వ్యాప్తి నందినది ఆ దశకముననే. 2015 లో పారిస్ నగరమున ఆ వస్త్రములనే తిరిగి ప్రదర్శించినపుడు, అపవాదము నొందినవని పేరిడియే, గౌరవముతో చూపిరి.

ఆ 1971 లోనే, ఏప్రిల్ మాసమున, మార్సెల్ ఓఫుల్స్ నిర్మించిన ‘దుఃఖము, దయ’ యను నర్థము గల వార్తాచిత్రము పారిస్ చిత్రశాలకు వచ్చెను. క్లెర్మో ఫెరాన్ పట్టణమున ఆక్రమణకాలమున ఎవరెవరు శత్రువునకు లోబడిరో, ఎవరెదిరించిరో అది జనులచేతనే చెప్పించెను. 1969 లోనే పూర్తియైన ఆ చిత్రము ఫ్రెంచి దూరదర్శనమున ప్రసారమగుటకు 1981 వరకు వేచియుండవలసి వచ్చెను.