కృష్ణగిరి దాటి కుప్పానికి

మొన్న హోసూరు నుంచి కృష్ణగిరి మీదుగా కుప్పం పోయినాము. సరిహద్దు దాటినాక మొదట మారింది బోర్డుల మీది అక్షరాలు. హోటల్లో అన్నంలోకి ముందు పప్పు వచ్చింది, మన పక్క అయితే సాంబారు. వడ్డించే ఆయన మా యాస విని ‘తమిళనాడా?’ అన్నాడు. మేము మాట్లాడతా ఉన్నది తెలుగే! రాగి సంగటి మాత్రం అచ్చం మన ఇంటిదే.

ఈ గీత అంత పాతది కాదు. అప్పట్లో సేలం జిల్లా హోసూరు, చిత్తూరు జిల్లా కుప్పం రెండూ మద్రాసు రాష్ట్రమే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కుప్పం అటు పోయింది, మనము ఇటు నిలిచినాము. 1960లో సరిహద్దు సర్ది తిరుత్తణిని మద్రాసుకు ఇచ్చినప్పుడు కూడా హోసూరు కదల్లేదు.

తమిళంలో చదువుకున్న మాకు అక్కడి బస్సు బోర్డులు కూడబలుక్కుని చదవాల్సి వచ్చింది. 2006 చట్టంతో ఇక్కడి బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. నేర్చుకోవాల్సిందే, అన్నం పెట్టిన భాష అది. అయితే మన మనవళ్ళకు తెలుగు చెవి వరకే మిగులుతా ఉంది. ఉగాదికి ముందే ఆదివారాలు అక్షరాల తరగతి పెట్టాలని అనుకుంటున్నాము. పలకలు మేము తెస్తాము. చోటు ఎవరిస్తారు?