పెద్దముడియం నుంచి లద్దాఖ్‌కు గుంపుగా క్యాంపింగ్: బండి కంటే ముందు సిద్ధం చేసుకోవాల్సినవి ఇవీ

పెద్దముడియం, జమ్మలమడుగు ప్రాంతం నుంచి హైదరాబాద్, దిల్లీ, మనాలీ మీదుగా లేహ్‌కు రోడ్డు దారి సుమారు 2,900 కిలోమీటర్లు. సొంత బండ్లలో, టెంట్లు వేసుకుని, నాలుగైదు కుటుంబాలో స్నేహితులో కలిసి వెళ్లి రావాలని మీరూ అనుకుంటున్నారా? అయితే టైర్లు, టెంట్ల కంటే ముందు చూసుకోవాల్సింది ఎత్తు.

కుందూ ఒడ్డున ఉన్న మన ఊళ్లు సముద్రమట్టానికి 200 మీటర్ల అటూఇటూ ఉంటాయి. మదనపల్లె దగ్గర చల్లగా ఉందనుకునే హార్స్‌లీ హిల్స్ 1,260 మీటర్ల పైచిలుకు. లేహ్ పట్టణమే 3,500 మీటర్లు. అక్కడి నుంచి నుబ్రా లోయకు వెళ్లే దారిలో ఖర్దుంగ్‌లా కనుమ 5,359 మీటర్లు. గాలిలో ఆక్సిజన్ శాతం అక్కడా 21 దగ్గరే ఉంటుంది కానీ, గాలి ఒత్తిడి తగ్గిపోతుంది. అందువల్ల ఒక్కో శ్వాసలో మీకు అందే ఆక్సిజన్ లేహ్‌లో ఇక్కడితో పోలిస్తే మూడింట రెండొంతులు, ఖర్దుంగ్‌లా మీద దాదాపు సగం. కసరత్తు చేసే కుర్రాడికైనా ఇదే లెక్క. నిజానికి ఒంట్లో బలముందన్న ధీమాతో మొదటి రోజే పరుగులు పెట్టేవాళ్లే తొందరగా పడకేస్తారు.

ఏ దారి మేలు?

లేహ్‌కు ప్రధానంగా రెండు రోడ్డు దారులు ఉన్నాయి. మనాలీ దారి అందంగా ఉంటుంది, సాహసంగానూ ఉంటుంది. కానీ సుమారు 2,050 మీటర్ల మనాలీ నుంచి అటల్ టన్నెల్ దాటి జిస్పా (3,200 మీటర్లు), అక్కడి నుంచి బారాలాచా కనుమ ఎక్కి సర్చూ (దాదాపు 4,300 మీటర్లు) చేరతారు. సర్చూలో వరసగా క్యాంపులు కనిపిస్తాయి, అక్కడే పడుకోవాలనిపిస్తుంది. మైదానం నుంచి వచ్చి మూడో రాత్రికే అక్కడ పడుకుంటే తలనొప్పి, వాంతులతో తెల్లవార్లూ జాగారమే. రెండోది శ్రీనగర్ దారి. శ్రీనగర్ 1,600 మీటర్లకు కాస్త తక్కువ, కార్గిల్ 2,700 లోపు. మధ్యలో జోజిలా, ఫోతులా కనుమలు ఎక్కి దిగినా పడుకునే చోట్లు తక్కువ ఎత్తులో ఉంటాయి. మొదటిసారి వెళ్లే గుంపు శ్రీనగర్ వైపు నుంచి వెళ్లి, అలవాటుపడ్డ ఒంటితో మనాలీ వైపు దిగడం తెలివైన పని.

వైద్యులు చెప్పే సూత్రం ఇది: 3,000 మీటర్లు దాటాక ఒక రాత్రికీ మరో రాత్రికీ మధ్య పడుకునే ఎత్తు 500 మీటర్లకు మించి పెరగకూడదు. మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగాలి. పగలు ఎంత పైకి వెళ్లి వచ్చినా, లెక్క రాత్రి పడకదే. లేహ్ చేరాక కనీసం రెండు రోజులు ఊరు దాటొద్దు. ‘సెలవులు అయిపోతున్నాయి’ అని ఈ రెండు రోజులే కోసేస్తారు చాలామంది. కోయాలనుకుంటే పాంగాంగ్ సరస్సు కోసేయండి, ఇవి కాదు.

బయల్దేరే ముందు డాక్టర్ దగ్గరికి

బీపీ, షుగర్, ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవారు, గర్భిణులు డాక్టర్‌ను అడగకుండా బయల్దేరొద్దు. డయామాక్స్ పేరుతో దొరికే అసిటాజొలమైడ్ మాత్రను ఎత్తు ఎక్కే ముందు రోజు నుంచి వాడమని కొందరికి డాక్టర్లు రాస్తారు. సల్ఫా మందులు పడనివారికి ఇది ప్రమాదం కావచ్చు. మెడికల్ షాపులో అడిగి గుంపంతటికీ ఒకే డబ్బా కొనుక్కెళ్లడం సరికాదు.

తలనొప్పికి తోడు వికారం, నీరసం, కళ్లు తిరగడం ఉంటే అది ఎత్తు జబ్బే అనుకోండి. అక్కడే ఆగి విశ్రాంతి తీసుకోవాలి, పైకి వెళ్లొద్దు. కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు, గులాబీ రంగు నురగ కనిపిస్తే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతోందని అర్థం. మాట తడబడినా, ఏం చేస్తున్నాడో తెలియనట్టున్నా మెదడు వాచిందేమో అనుమానించాలి. ఒక చిన్న పరీక్ష ఉంది: నేల మీద గీత గీసి, ఒక పాదం మడమ రెండో పాదం వేళ్లకు తగిలేలా నడవమనండి. తూలితే అర్ధరాత్రయినా సరే కిందికి దించాల్సిందే. లేహ్‌లో ఎస్‌ఎన్‌ఎం ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, ఈ జబ్బు వాళ్లకు రోజూ చూసేదే. ఆన్‌లైన్‌లో అమ్మే స్ప్రే డబ్బాల్లాంటి ఆక్సిజన్ కొన్ని నిమిషాలకు మించి రాదు. పల్స్ ఆక్సీమీటర్ ఉపయోగమే కానీ, ప్రొద్దుటూరులో 98 చూపించేది లేహ్‌లో 88 చూపిస్తే కంగారు పడొద్దు. మనిషి ఎలా ఉన్నాడన్నదే ముఖ్యం.

మీ ఆరోగ్య బీమా పాలసీలో సాహస యాత్రలకు, ఎత్తుకు ఏమైనా పరిమితి ఉందేమో చదవండి.

అనుమతులు, కాగితాలు

2021 ఆగస్టు నుంచి భారత పౌరులకు లద్దాఖ్‌లోని నుబ్రా, పాంగాంగ్ లాంటి చోట్లకు ఇన్నర్ లైన్ పర్మిట్ అక్కర్లేదు. అయితే పర్యావరణ రుసుము కట్టిన రసీదు కావాలి. లేహ్ జిల్లా యంత్రాంగం పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే కట్టి, నాలుగైదు ప్రింట్లు తీసుకోండి. చెక్‌పోస్టుల దగ్గర నెట్ ఉండదు. గుంపులో అమెరికా పౌరసత్వం తీసుకున్న బావమరిదో, ఓసీఐ కార్డున్న చెల్లెలో ఉంటే వాళ్ల సంగతి వేరు. వాళ్లు విదేశీయుల లెక్కలోకి వస్తారు, గుర్తింపు ఉన్న ట్రావెల్ ఏజెంట్ ద్వారా ప్రొటెక్టెడ్ ఏరియా పర్మిట్ తీసుకోవాలి. కువైట్ నుంచి సెలవుకొచ్చిన మనవాళ్లు భారత పాస్‌పోర్టుతోనే ఉంటారు కాబట్టి ఇబ్బంది లేదు.

బండి ఎవరి పేరు మీద ఉందన్నది మరో చిక్కు. హైదరాబాద్‌లోనో మనాలీలోనో అద్దెకు తీసుకున్న కారు, బైకుతో లేహ్ వరకు వెళ్లినా, అక్కడి నుంచి నుబ్రా, పాంగాంగ్‌లకు స్థానిక ట్యాక్సీ, బైక్ సంఘాలు వెళ్లనివ్వవు. సొంత బండి అయితే ఆర్సీ, బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్, లైసెన్స్ అసలు కాగితాలే పెట్టుకోండి. డిజిలాకర్ చట్టప్రకారం చెల్లుతుంది కానీ, సిగ్నల్ లేని చోట తెరుచుకోకపోతే ఏం చేస్తారు? వాగులో నీళ్లు ఇంజిన్‌లోకి పోతే సాధారణ బీమా వర్తించదు, ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ ఉందో లేదో ముందే చూసుకోండి.

బైకులను రైల్లో పార్సిల్‌గా పంపేవాళ్లు ట్యాంకులో పెట్రోలు పూర్తిగా తీసేయాలి. గ్యాస్ స్టవ్, సిలిండర్ రైల్లో తీసుకెళ్లడం నేరం. 2023 ఆగస్టులో మదురైలో ఆగి ఉన్న యాత్రికుల బోగీలో గ్యాస్ సిలిండర్ వల్ల మంటలు లేచి 9 మంది చనిపోయారు. స్టవ్ గ్యాస్ మనాలీలోనో లేహ్‌లోనో కొనుక్కోండి.

విదేశాల నుంచి బంధువులు తెచ్చే శాటిలైట్ ఫోన్లు, గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి పరికరాలు మన దేశంలో అనుమతి లేకుండా వాడకూడదు. సరిహద్దు ప్రాంతంలో దొరికితే కేసు తప్పదు. బండ్ల మధ్య మాటలకు లైసెన్స్ అక్కర్లేని 446 మెగాహెర్ట్జ్ రకం వాకీటాకీలు సరిపోతాయి.

ఆఫ్‌రోడ్ అంటే ఎక్కడపడితే అక్కడ కాదు

వేసిన బాట వదిలి సరస్సు ఒడ్డున, ఇసుక తిన్నెల మీద బండి నడపడం లద్దాఖ్‌లో నిషేధం. 2022 జూన్‌లో హుండర్ ఇసుక తిన్నెల మీద కారు నడిపిన ఒక పర్యాటకుడికి పోలీసులు 50,000 రూపాయలు విధించారు. అసలైన ఆఫ్‌రోడ్ అనుభవం మామూలు దారిలోనే బోలెడంత దొరుకుతుంది. మంచు కరిగి రోడ్డుకు అడ్డంగా పారే నాలాలు పొద్దున తక్కువగా, మధ్యాహ్నం తర్వాత ఉధృతంగా ఉంటాయి. ఎండ ముదిరేలోపు దాటేలా తెల్లవారుజామునే బయల్దేరండి. ఒంటరి బండి వద్దు, కనీసం రెండు ఉండాలి. టో స్ట్రాప్, గాలి పంపు, పంక్చర్ కిట్ ఒక బండిలోనే కాకుండా పంచుకుని పెట్టుకోండి.

టెంటు ఎండిన నాలా గర్భంలో వేయొద్దు. ఎక్కడో పైన వాన పడితే ఇక్కడ వంక రావడం మన సీమవాళ్లకు కొత్త కాదు, అక్కడా అదే నియమం. 2010 ఆగస్టు 6 వేకువన లేహ్‌లో కుంభవృష్టికి వచ్చిన బురద వరదలో 200 మందికి పైగా చనిపోయారు.

వంట విషయానికొస్తే, లేహ్ ఎత్తులో నీళ్లు 88 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. గిన్నెలో అన్నం పలుకుగానే మిగులుతుంది, సంగటి సంగతి చెప్పక్కర్లేదు. చిన్న ప్రెషర్ కుక్కర్ తప్పనిసరి. చలి ఎంతున్నా టెంటులోపల బొగ్గుల కుంపటి, స్టవ్ పెట్టి పడుకోవద్దు. వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ముందుగా గండికోటలో ఒక రాత్రి

జమ్మలమడుగుకు 15 కిలోమీటర్ల దూరంలోని గండికోటలో గుంపంతా ఒక రాత్రి టెంట్లలో ఉండి చూడండి. ఎత్తు అలవాటు కాదు కానీ, టెంటు ఎవరికి వేయడం వచ్చు, ఎవరు గురకపెడతారు, ఎవరు చిన్నమాటకే అలుగుతారు అన్నీ బయటపడతాయి. సాధన కోసమని లంకమల అడవుల్లోకి మాత్రం దూరొద్దు. అది వన్యప్రాణి అభయారణ్యం, అటవీశాఖ అనుమతి లేకుండా వెళ్లడం నేరం. పైగా ఎర్రచందనం కోసం నిఘా ఉండే అడవుల్లో రాత్రిపూట టార్చిలైట్లతో తిరిగితే ఏమనుకుంటారో మీకు తెలియనిది కాదు.

ఆ రాత్రే ఒక ఒప్పందం చేసుకోండి. ఒకరికి బాగోకపోతే ఎవరు తోడుగా కిందికి దిగుతారు, ఏ బండి వెనక్కి తిరుగుతుంది, ఆ ఖర్చు ఎలా పంచుకుంటారు? ఇవి 4,500 మీటర్ల ఎత్తులో, తలనొప్పితో, డబ్బు కట్టేసిన క్యాంపు ముందు నిలబడి తేల్చుకునే విషయాలు కావు. ‘నా వల్ల అందరి ట్రిప్ పాడవుతుంది’ అని జబ్బు దాచిపెట్టేవాళ్లు ప్రతి గుంపులో ఒకరుంటారు. అందుకే పొద్దున, సాయంత్రం ఒకరు అందరినీ పలకరించి, ఎలా ఉన్నారో పుస్తకంలో రాయడం మంచిది.

బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు లద్దాఖ్‌లో పనిచేయవు. గుంపులో ఇద్దరైనా పోస్ట్‌పెయిడ్‌కు మారండి, అదీ వేర్వేరు కంపెనీలవి. ఏ రాత్రి ఎక్కడ ఆగుతారు, బండ్ల నంబర్లు, అందరి బ్లడ్ గ్రూపులు, ఆగే చోట్ల ఫోన్ నంబర్లు ఒక కాగితం మీద రాసి ఇంట్లో ఇచ్చి వెళ్లండి. మధ్యలో రెండు రోజులు ఫోన్ కలవకపోవడం మామూలేనని, మూడో రోజూ కలవకపోతే ఆ కాగితంలోని చివరి మకాంకు ముందు ఫోన్ చేయాలని ఇంట్లోవాళ్లకు విడమరిచి చెప్పండి.