బొమ్మ కాగితంలో ఉందా, కాగితం మీద ఉందా?

మా అమ్మమ్మ పెళ్లినాటి ఫోటోను గోడ మీంచి దించి, కిటికీ దగ్గర కాస్త వాలుగా పట్టుకుంటే నల్లటి చోట్ల నీలపు మెరుపు కనిపిస్తుంది. తుడిస్తే పోయేది కాదది. ఫోటోలోని వెండి గాలికీ తేమకీ కొంచెం కొంచెంగా కరిగి, పైకి పాకి, మళ్లీ వెండిగా పేరుకున్న పొర. అదే ఇంట్లో 1980లలో తీసిన కలర్ ఆల్బమ్ మాత్రం నిండా ఎర్రబారిపోయింది. ముందుది ఇంకా నిలిచి ఉంది, తర్వాతది వెలిసిపోయింది. కారణం ప్రింటు తయారైన తీరులో ఉంది.

ఇంగ్లండ్‌లోని లేకాక్ అబీలో విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ 1830లలో ఈ కథ మొదలుపెట్టాడు. ఉప్పునీళ్లలో తడిపి ఆరబెట్టిన కాగితానికి సిల్వర్ నైట్రేట్ పూస్తే, ఎండ సోకిన చోటల్లా నల్లబడేది. 1841లో ఆయన పేటెంట్ తీసుకున్న కాలోటైప్ పద్ధతిలో ఒక్క నెగటివ్ నుంచి ఎన్ని ప్రింట్లయినా తీయొచ్చు. అయితే ఆ ప్రింట్లు తీసిన ఉప్పుకాగితంలో బొమ్మ నారలోకి ఇంకిపోయేది. చూపుకి మెత్తగా ఉంటుంది గానీ, సన్నని గీతలు చెదిరిపోతాయి.

ఆ లోటు తీర్చింది కోడిగుడ్డు. 1850లో ఫ్రాన్స్‌లో బ్లాంకార్ ఎవ్రార్ ఆల్బుమెన్ కాగితాన్ని ప్రకటించాడు. తెల్లసొనలో ఉప్పు కలిపి నురగలొచ్చేలా గిలకొట్టి, తేరుకున్నాక పళ్లెంలో పోసి, కాగితాన్ని దాని మీద తేలనిచ్చేవారు. బొమ్మ ఆ సొన పొరలో నిలిచేది కాబట్టి రాతి మీది చెక్కడం కూడా స్పష్టంగా పడేది. జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఒక్క కర్మాగారమే 1888 నాటికి రోజుకు 60,000 గుడ్లు వాడేది. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీన్‌దయాళ్ చిత్రాలు మనకు ఎక్కువగా ఈ సొన కాగితం మీదే మిగిలాయి. వాటిలోని తెలుపు ఇవాళ పసుపుపచ్చగా కనిపించడానికి కారణం ఆ సొనే.

1873లో విలియం విల్లిస్ ప్లాటినం ప్రింటుకు పేటెంట్ తీసుకున్నాడు. దీనికి పొర అక్కర్లేదు. లోహం నేరుగా నారలోనే కూర్చుంటుంది. ప్లాటినం గాలికి చెడదు కాబట్టి, కాగితం బాగున్నంత కాలం బొమ్మా బాగుంటుంది. నలుపుకీ తెలుపుకీ మధ్య బూడిదరంగు ఛాయలు ఇందులో పలికినంతగా మరెక్కడా పలకవు. మొదటి ప్రపంచయుద్ధంలో ప్లాటినం ధర ఆకాశాన్నంటడంతో ఆ కాగితం దుకాణాల్లోంచి క్రమంగా మాయమైంది.

అప్పటికే జెలటిన్ పొరలో వెండి బొమ్మ నిలిచే కాగితం రాజ్యమేలుతోంది. అమ్మమ్మ ఫోటో ఆ కోవలోదే. దీనికి ఎండ అక్కర్లేదు, ఎన్‌లార్జర్ కింద కొన్ని సెకన్ల వెలుగు చాలు. డార్క్‌రూమ్‌లో ఎర్రబల్బు కింద డెవలపర్ ట్రేలో తెల్లకాగితం ఊపుతుంటే ముందు జుట్టు, తర్వాత కళ్లు, చివరికి ముఖమంతా తేలివస్తుంది. తర్వాత బొమ్మను స్థిరపరిచే హైపో ద్రావణంలో ముంచి, నీళ్లలో బాగా కడగాలి. ఆ కడగడంలో బద్ధకిస్తే మచ్చలు ఏళ్ల తర్వాత బయటపడతాయి.

కలర్ ప్రింటులో చివరికి వెండి మిగలదు. మిగిలేవి అద్దకపు రంగులు. వాటిలో నీలిరంగు ముందుగా పోతే బొమ్మ ఎర్రబారుతుంది.

1991లో గాయకుడు గ్రాహం నాష్ కాలిఫోర్నియాలో నెలకొల్పిన నాష్ ఎడిషన్స్ ఐరిస్ ఇంక్‌జెట్ యంత్రంతో కళాచిత్రాలు అచ్చువేసింది. అక్కడ పనిచేసిన జాక్ డుగాన్ వాటికి జిక్లే అని పేరు పెట్టాడు. తొలినాటి ఐరిస్ సిరాలు త్వరగా వెలిశాయి. తర్వాత నీళ్లలో కరగని పిగ్మెంట్ సిరాలు వచ్చి ఆ బెంగ చాలావరకు తీర్చాయి.

ప్రింటు కొనేటప్పుడైనా చేయించుకునేటప్పుడైనా మూడు సంగతులు అడగండి. బొమ్మ నారలో ఉందా, పొరలో ఉందా? దాన్ని నిలబెట్టేది లోహమా, అద్దకపు రంగా, పిగ్మెంటా? కాగితం ఆమ్లం లేని నూలు కాగితమేనా?

నేనూ అవే అడిగాను. అమ్మమ్మ బొమ్మను స్కాన్ చేయించి, నూలు కాగితం మీద పిగ్మెంట్ సిరాతో అచ్చువేయించి గోడకు పెట్టాను. అసలుది ఆమ్లం లేని కాగితంలో చుట్టి బీరువాలో దాచాను. వెలుగును గోడ మీది బొమ్మ భరిస్తుంది. అమ్మమ్మ వెండికి ఇక విశ్రాంతి.