మూరెడు దూరం, పదకొండేళ్లు

కాక్‌పిట్‌లో కుడి సీటు కో-పైలట్‌ది, ఎడమ సీటు కెప్టెన్‌ది. మధ్య దూరం మూరెడు. అది దాటడానికి ఇథియోపియాకు పదకొండేళ్లు పట్టింది.

ఆఫ్రికాలో చాలా దేశాల్లా ఇథియోపియా దశాబ్దాల వలస పాలన చూడలేదు. ఐదేళ్ల ఇటలీ ఆక్రమణ 1941లో ముగిసింది. విడిపించడానికి వచ్చిన బ్రిటిష్‌వాళ్లు మాత్రం ఓ పట్టాన కదల్లేదు. అందుకేనేమో, చక్రవర్తి హైలె సెలాసీ విమానాల కోసం లండన్‌కు బదులు అమెరికాను ఆశ్రయించారు. అమెరికన్ విమాన సంస్థ టీడబ్ల్యూఏ తోడ్పాటుతో 1945 డిసెంబరులో ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ పుట్టింది. కొన్నవి యుద్ధంలో మిగిలిన సీ-47లు. లోపల గోడల వెంట కాన్వాసు బల్లలు, నడుమ సరుకు. 1946 ఏప్రిల్ 8న అడిస్ అబాబా నుంచి అస్మారా మీదుగా కైరోకు తొలి సర్వీసు. పేరు ఇథియోపియాది. నడిపేది, రిపేరు చేసేది, లెక్కలు చూసేది అమెరికన్లు.

1957లో అలెమయెహు అబెబె డీసీ-3 విమానానికి తొలి ఇథియోపియన్ కమాండర్ అయ్యారు. ఒక్కరు ఎడమ సీటుకు చేరితే సరిపోతుందా? వెనక వరస కట్టాలి కదా! 1964లో పైలట్ల స్కూలు పెట్టారు. మెకానిక్కులకూ శిక్షణ ఇచ్చారు. జనరల్ మేనేజర్ కుర్చీ మాత్రం 1971 దాకా ఇథియోపియన్‌కు దక్కలేదు. అప్పుడు కూర్చున్నది కల్నల్ సెమ్రెట్ మెధానె.

ఘనాకు అంత ఓపిక లేదు. ఉండమనడమూ న్యాయం కాదు. 1957లో స్వాతంత్ర్యం వచ్చింది, మరుసటి ఏడాదే ఘనా ఎయిర్‌వేస్. అందులో 40 శాతం వాటా బ్రిటిష్ సంస్థ బీఓఏసీది. 1961కల్లా అధ్యక్షుడు ఎన్‌క్రుమా ప్రభుత్వం ఆ వాటా కొనేసింది. కాగితం మీద సంస్థ పూర్తిగా ఘనాదే. ఈలోగా సోవియట్ ఇల్యూషిన్-18లు దిగాయి. అప్పటికే బ్రిటిష్ విమానాలున్నాయి. విమానం రకం మారితే పైలట్ మళ్లీ బడికెళ్లాలి. ఒక ఇంజిన్ మీద చేయి తిరిగిన మెకానిక్ ఇంకోదాని ముందు కొత్తవాడే. విడిభాగాలూ వేరు, మాన్యువల్ భాషా వేరు. వాటా కొనడానికి సంతకం చాలు. చేయి తిరగడానికి ఏళ్లు కావాలి.

అడిస్ అబాబా స్కూలు తర్వాత అకాడమీగా పెరిగింది. ఇప్పుడక్కడ ఇతర ఆఫ్రికా దేశాల కుర్రాళ్లూ చేరుతున్నారు, ముందుగా కుడి సీటు కోసం.